పాలకొల్లులో మా తొలి రాక్ ఆల్బమ్: ధాన్యం గోదాములో రికార్డు చేయాలా, హైదరాబాదు స్టూడియోకు వెళ్లాలా?

ప్రశ్న (పాలకొల్లు)

నమస్కారం. మేము నలుగురం, పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య ఉన్న పల్లెల వాళ్లం. రెండు గిటార్లు, ఒక బేస్ గిటార్, డ్రమ్స్ మా వాద్యాలు. పాటలు రాసేది, పాడేది నేను. ఆరేళ్లుగా కలిసి వాయిస్తున్నాం. భీమవరం, తణుకు, కాకినాడ కాలేజీల ఉత్సవాల్లోనూ, రెండు మూడు సార్లు విశాఖపట్నంలోనూ వేదిక ఎక్కాం. సినిమాతో సంబంధం లేకుండా, ఏ కంపెనీ పెట్టుబడీ లేకుండా మేమే రాసి బాణీ కట్టుకొన్న తెలుగు పాటలు తొమ్మిది చేతిలో ఉన్నాయి. వాటిని తొలి ఆల్బమ్‌గా తీసుకురావాలని నిశ్చయించుకొన్నాం.

మా దగ్గర ఉన్నది 3,20,000 రూపాయలు. ఇది నలుగురం మూడేళ్లపాటు కూడబెట్టిన సొమ్ము కాబట్టి ఒక్క రూపాయి కూడా తెలియనితనంతో పోగొట్టుకోవాలని లేదు. హైదరాబాదులో ఒక మంచి స్టూడియో వారిని అడిగితే నాలుగు రోజుల రికార్డింగుకు, ఆ తరువాత వాద్యాలనూ గొంతునూ సమపాళ్లలో కలిపే మిక్సింగుకు కలిపి ఇంచుమించు ఈ మొత్తమే చెప్పారు. రెండో దారి ఇక్కడే ఉంది. మా డ్రమ్మర్ మేనమామకు పాలకొల్లు శివారులో రైస్ మిల్లును ఆనుకొని ఒక ధాన్యం గోదాము ఉంది. అరవై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు, ఇటుక గోడలు, ఇనుప రేకుల కప్పు. రబీ ధాన్యం వచ్చేలోపు, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అది ఖాళీగా ఉంటుంది కనుక వాడుకోమని ఆయన సంతోషంగా ఒప్పుకొన్నారు. ఎనిమిది మైకుల శబ్దాన్ని ఒకేసారి పట్టి కంప్యూటర్‌కు చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్‌నూ మైకులనూ అద్దెకు తెచ్చుకోగలం.

ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర సంగీతం) అనే మాట పుట్టిన తీరు చదివినప్పటి నుంచి నా మనసు సొంత ప్రయత్నం వైపే లాగుతోంది. 1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం 500 పౌండ్లు అప్పు తెచ్చి తమ మొదటి రికార్డును 1,000 ప్రతులు తామే అచ్చు వేయించుకొంది. 1989లో వచ్చిన అమెరికన్ బృందం నిర్వాణా తొలి ఆల్బమ్ రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. మన దేశంలో 1975లో కలకత్తాలో ఏర్పడిన మొహీనేర్ ఘోడాగులి బెంగాలీలోనూ, 2008లో తొలి ఆల్బమ్ తెచ్చిన అవియల్ మలయాళంలోనూ రాక్‌ను తమ మాటకు, తమ నేలకు వంచుకొన్నారు. అయినా మా పాటలు చౌకగా వినిపిస్తాయేమోనన్న భయం నన్ను వదలడం లేదు. అనుభవం ఉన్నవారు ఏ దారి మంచిదో చెప్పగలరా?

మరో రెండు సందేహాలు. ఒక పాటకు పల్లవి వశిష్ఠ రేవులో పడవ నడిపిన ఒక పెద్దాయన నోట విన్న పాట ఆధారంగా కట్టింది, దాన్ని వాడుకోవచ్చా? తొమ్మిది పాటలూ ఒకేసారి విడుదల చేయాలా, ఒక్కొక్కటిగా చేయాలా?

మొదటి సమాధానం (రాజమహేంద్రవరం; వృత్తి సౌండ్ ఇంజినీరింగ్)

మీ ప్రశ్నలో అతి ముఖ్యమైన సంఖ్య 3,20,000 కాదు, ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఈ తొమ్మిది పాటలనూ జనం ముందు ఎన్నిసార్లు వాయించారన్న దాని మీదే ఈ నిర్ణయం ఆధారపడాలని నా అభిప్రాయం. బీటిల్స్ తమ తొలి ఆల్బమ్‌లోని 14 పాటల్లో 10 పాటలను 1963 ఫిబ్రవరి 11న, ఒక్క రోజులో పూర్తి చేశారని అందరూ చెప్పుకొంటారు. అంతకు ముందు వారు హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి వాయించి వచ్చారన్న సంగతిని మాత్రం చాలామంది మరచిపోతారు. నాలుగు రోజుల స్టూడియో అన్నది ఆ స్థాయిలో పాటలు చేతికి ఎక్కిన వారికే లాభం. మొదటి రోజు డ్రమ్స్ శ్రుతి చేసి మైకులు అమర్చుకోవడంతోనే గడిచిపోతుంది. మిగిలిన మూడు రోజుల్లో తొమ్మిది పాటలు పూర్తి చేయాలంటే పాట పండినా పండకపోయినా గడియారం చూసి ముందుకు పోవలసి వస్తుంది.

నేను మీ స్థానంలో ఉంటే గోదామునే ఎంచుకొంటాను. మిగిలిన డబ్బులో పెద్ద భాగాన్ని మంచి మిక్సింగ్ ఇంజినీరుకూ, విడుదలకు ముందు పాటకు తుది మెరుగు పెట్టే మాస్టరింగుకు వేరొక చెవికీ ఇస్తాను. గోదామే ఎందుకన్న దానికి లెక్క ఉంది. పది అడుగుల వెడల్పున్న పడకగదిలో ఎదురెదురు గోడల మధ్య ధ్వని తిరిగి తిరిగి సుమారు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర పోగుపడుతుంది. బేస్ గిటార్ మీద వేలు పెట్టకుండా మోగించే ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్. అంటే ఆ గదిలో ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గోడలు హోరెత్తుతాయి, పక్క స్వరాలు బక్కచిక్కిపోతాయి. మిక్సింగులో ఎంత సవరించినా ఆ తేడా పూర్తిగా పోదు. మీ గోదాము వెడల్పు ముప్పై అడుగులు కనుక అదే పోగుపాటు 19 హెర్ట్జ్ దగ్గరికి, చెవికి అందని చోటుకు దిగిపోతుంది. కింది స్వరాలు తేటగా వస్తాయి. పెద్ద గది ఇచ్చే ఈ వరం మీకు అద్దె లేకుండా దొరుకుతోంది.

గోదాముకున్న దోషం వేరు. ఇటుక గోడలు, గచ్చు, రేకులు ధ్వనిని మింగవు కాబట్టి స్నేర్ (డ్రమ్స్‌లో టప్పున గట్టిగా మోగే చిన్న డ్రమ్) దెబ్బ రెండు మూడు సెకన్లపాటు తిరుగుతూనే ఉంటుంది. దానికి మందు కోనసీమలోనే ఉంది. గోనె సంచుల్లో కొబ్బరి పీచు వదులుగా నింపి నాలుగు అంగుళాల మందాన పరుపుల్లా కుట్టించండి. వాటిని గోడకు ఆనించకుండా మరో నాలుగు అంగుళాల ఖాళీ వదిలి నిలబెట్టండి. గోడకు ఆనించి పెడితే పై స్థాయి ధ్వనులే ఎక్కువగా తగ్గుతాయి. ఖాళీ వదిలితే 400, 500 హెర్ట్జ్ దాకా కింది ధ్వనుల మీద కూడా పని చేస్తాయి. డ్రమ్స్ చుట్టూ మూడు వైపులా, తల మీద ఒక దూలానికి వేలాడదీసి ఒకటి ఉంచితే చాలు. గోదాము మొత్తం కప్పేయకండి. ఆ దూరపు ప్రతిధ్వని కొంత మిగలాలి; రాక్ డ్రమ్స్‌కు ఆ గాలి కావాలి, కొనుక్కొనే సాఫ్ట్‌వేర్‌లో అది ఇంత సహజంగా రాదు.

డ్రమ్స్ మీద ఎనిమిది మైకులు పెట్టాలన్న నియమం లేదు. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లండు ఇంజినీరు పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో తల మీద ఒకటి, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్ పక్క నుంచి ఒకటి, కాలితో మోగించే కిక్ దగ్గర ఒకటి, స్నేర్ దగ్గర ఒకటి సరిపోతాయి. మొదటి రెండు మైకులూ స్నేర్ నడి మధ్య నుంచి సరిగ్గా సమాన దూరంలో ఉండాలి. ఒక పురికొస తీసుకొని స్నేర్ దగ్గర ఒక కొస పట్టుకొని రెండు మైకులకూ కొలవండి. అంగుళాల తేడా వచ్చినా స్నేర్ పలచబడుతుంది. ఇంటర్‌ఫేస్‌లో మిగిలిన నాలుగు మైకు దారుల్లో రెండు గిటార్లను, బేస్‌ను, మీ గొంతును ఒకేసారి పట్టవచ్చు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకొంటూ వాయించండి. గొంతు ఆ తరువాత మళ్లీ పాడుకోవచ్చు కానీ డ్రమ్స్, బేస్ మధ్య ఆ క్షణంలో పుట్టే పట్టును మళ్లీ తేలేరు.

ఇక మన ప్రాంతపు ఇబ్బందులు. పక్కన మిల్లు నడుస్తున్నప్పుడు రికార్డు చేయకండి. మోటార్ల మోతను గోడ కొంత ఆపినా, కరెంటు తీగల ద్వారా వచ్చే 50 హెర్ట్జ్ గుర్రును గిటార్ తీగల కదలికను పట్టే పికప్‌లు పట్టేస్తాయి. అన్ని పరికరాలనూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి, సరైన ఎర్త్ ఉన్న లైను నుంచి తీసుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడపాలనుకొంటే అది సైన్ వేవ్ రకం అయి ఉండాలి. రాత్రి వేళ ప్రశాంతంగా ఉంటుందనుకొంటారేమో, చుట్టుపక్కల రొయ్యల చెరువులుంటే ఆక్సిజన్ తగ్గే ఆ వేళల్లోనే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి. సాయంత్రం ఎండ తగ్గినప్పుడు రేకులు చల్లబడి టక్కుమంటాయి. ఆ గంటలో గొంతు గాని, మెత్తని గిటార్ గాని పట్టకండి. గిటార్ కర్రకు 45 నుంచి 55 శాతం తేమ మంచిది. మన దగ్గర గాలిలో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది కనుక వాయించనప్పుడు గిటార్లను పెట్టెల్లోనే ఉంచి సిలికా జెల్ పొట్లాలు వేయండి. తీగలు ముందుగానే మార్చి ఒక రోజు సాగనివ్వండి.

ఫైళ్లు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. శబ్దాన్ని పై అంచుకు తోయవలసిన పని లేదు. శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. మాస్టరింగులో కూడా పాటను నొక్కి నొక్కి బిగ్గరగా చేయించకండి. స్పాటిఫై వంటి వేదికలు అన్ని పాటలనూ సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే బిగ్గరతనపు కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తాయి కనుక నలిపేసిన పాట అక్కడ బిగ్గరగా ఏమీ వినబడదు, ప్రాణం మాత్రం పోగొట్టుకొంటుంది.

రెండో సమాధానం (కాకినాడ, డ్రమ్మర్)

తమ్ముడూ, పై సలహాతో నాకు ఏకీభావమే, ఒక్క విషయంలో తప్ప. మీలో ఒక్కరికి కూడా రికార్డింగు చేసిన అలవాటు లేకపోతే గోదాము మిమ్మల్ని ముంచుతుంది. వాయించేవాడే మీట నొక్కడానికి పరుగెత్తితే రెండు పనులూ చెడతాయి. పది రోజులకు ఒక మనిషిని, స్టూడియోలో సహాయకుడిగా పని చేసిన కుర్రవాడైనా సరే, భోజనం పెట్టి, రోజుకు ఇంతని మాట్లాడుకొని పిలిపించుకోండి. అది దండగ ఖర్చు కాదు.

మేము చేసిన పొరపాట్లు చెబుతాను, మీకు పనికివస్తాయి. మా ఆల్బమ్‌ను ఒక నగరంలోని స్టూడియోలో చేశాం. మమ్మల్ని విడివిడిగా, క్లిక్ (ఒకే వేగంతో టిక్ టిక్‌మనే తాళపు శబ్దం) వింటూ వాయించమన్నారు. మేము ఎన్నడూ క్లిక్‌తో సాధన చేయలేదు. మా పాటల్లో చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు వేగం కొద్దిగా పెరగడం సహజంగా ఉండేది. అది పోయి పాటలు గోడకు కొట్టిన మేకుల్లా అయిపోయాయి. ఆ తరువాత నాకు చెప్పకుండా నా స్నేర్ దెబ్బలన్నింటినీ కంప్యూటర్‌లోని మరొక స్నేర్ శబ్దంతో మార్చేశారు. విడుదలైన రోజు విని అది నా చేయి కాదని నాకు తెలిసిపోయింది. ఒక్కో వాద్యం వేరుగా ఉన్న విడి ట్రాకులు ఇవ్వమని అడిగితే ఒప్పందంలో లేదన్నారు. నిజమే, మేము కాగితమే రాసుకోలేదు. విడి ట్రాకులన్నీ మీ సొత్తు అని, పూర్తయిన వారంలో ఇవ్వాలని ముందే రాయించుకోండి. మీ దగ్గర రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరు వేరు ఇళ్లలో, దాచుకోండి. వరద వచ్చే ఊళ్లలో ఉన్నవాళ్లం మనం.

విడుదల సంగతి. పాటలను అన్ని వేదికలకూ చేర్చే డిస్ట్రిబ్యూటరు సంస్థల్లో కొన్ని ఏటేటా రుసుము తీసుకొంటాయి. మేము ఒక ఏడాది కట్టడం మరచిపోయాం, ఆల్బమ్ అన్ని చోట్ల నుంచీ మాయమైంది. మరొక సంస్థ ద్వారా మళ్లీ ఎక్కించినప్పుడు పాత ఐఎస్‌ఆర్‌సీ సంఖ్యలు ఇవ్వలేదు, కొత్తవి పుట్టాయి, అప్పటి దాకా విన్నవారి లెక్క సున్నాకు పడిపోయింది. ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల ఆ సంకేతం ఒకటి ఉంటుంది. సంస్థ మారినా అది మారకూడదు. తొమ్మిది సంకేతాలనూ పుస్తకంలో రాసి పెట్టుకోండి. బృందం పేరు కూడా ముందే వెతికి చూసుకోండి. మా పేరుతోనే మరొక దేశంలో ఇంకొక బృందం ఉండటంతో వారి పాటలూ మావీ ఒకే పేజీలో కలిసిపోయి, విడదీయించుకోవడానికి నెలలు పట్టింది.

ఒకేసారా, ఒక్కొక్కటిగానా అంటే, రెండు పాటలను నెల నెలా ముందు వదిలి మూడో నెలలో మొత్తం ఆల్బమ్ ఇవ్వండి. తొమ్మిదీ విడివిడిగా వదిలితే ఇక అది ఆల్బమ్ కాదు, తొమ్మిది విడి పాటలు. వరుసకు ఒక అర్థం ఉంటుంది, మీరు దానికోసం కూర్చొని తలలు పట్టుకోవాలి. ప్రపంచమంతటా 2015 జూలై నుంచి కొత్త సంగీతానికి శుక్రవారం వాడుకైంది. స్పాటిఫైలో సంపాదకులకు పాటను పంపడానికి విడుదలకు కనీసం ఏడు రోజుల ముందుండాలి, నా మాట విని నాలుగు వారాలు పెట్టుకోండి. డబ్బు మీద ఆశ పెట్టుకోకండి: 2024 నుంచి అక్కడ ఏడాదిలో 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీయే లెక్క కట్టరు.

మూడో సమాధానం (అమలాపురం, న్యాయవాది)

పడవ పాట గురించి మాత్రమే చెబుతాను. తరతరాలుగా నోటి వెంట వస్తున్న పాట మీద ఎవరికీ కాపీరైటు లేదు, మీరు వాడుకోవచ్చు. కానీ ఆ పెద్దాయన పాడిన చరణాల్లో ఆయన స్వయంగా కట్టినవి ఉన్నాయేమో ముందు ఆయననే అడగండి. ఆయన సొంతమైతే అనుమతి తీసుకొని రచయితగా పేరు వేయడం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వడం న్యాయం. ఆయన గొంతును ఫోన్‌లో రికార్డు చేసి ఆల్బమ్‌లో కలపాలనుకొంటే అది మరొక విషయం, ప్రదర్శకుడిగా ఆయనకు వేరే హక్కు ఉంది కనుక వ్రాతపూర్వకమైన సమ్మతి తప్పనిసరి. ఆయనకు చదివి వినిపించి, తెలుగులోనే రాయించండి.

మీ నలుగురి మధ్య కూడా కాగితం ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్యం ఒక హక్కు, బాణీ ఒక హక్కు, రికార్డింగు మూడో హక్కు. మొదటి రెండూ రచయిత, స్వరకర్త మరణానంతరం 60 ఏళ్ల దాకా, మూడోది ప్రచురణ తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ల దాకా ఉంటాయి. మీరు రాసేవారు కాబట్టి మొదటిది మీది. ఖర్చు నలుగురూ పెట్టారు కాబట్టి మూడోది నలుగురిది కావాలి. బాణీ ఎవరిదన్నది స్నేహం బాగున్నప్పుడే తేల్చుకోండి. 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే, రచయితల, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే సంస్థలో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకొంటే మీ పాటలు బయట వాడబడినప్పుడు రావలసినది రాబట్టుకొనే వీలుంటుంది.

నాలుగో సమాధానం (నరసాపురం, సంగీతం టీచరు)

మైకుల గురించి, కాగితాల గురించి పెద్దలు చెప్పారు. మాటల గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. తెలుగు రాక్ పాటలు విన్నప్పుడు నన్ను బాధించేది గిటార్లు కాదు, మాట విరిగిపోవడం. నాలుగు దెబ్బల నడకలో రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా స్నేర్ పడుతుంది. ఆ దెబ్బ కింద లఘువు పడితే పాడేవారు తెలియకుండానే దాన్ని గురువుగా సాగదీస్తారు, మాట రూపం చెడుతుంది. ‘గోదావరి’ అన్న మాటలో రెండు గురువులు, రెండు లఘువులు, మొత్తం ఆరు మాత్రలు. ఎనిమిది మాత్రలకు సరిపెట్టాలంటే ‘గోదావరీ’ అని చివర లాగక తప్పదు. ఒకసారి లాగితే అందమే; పల్లవిలో ఎనిమిది సార్లు లాగితే అది పిలుపో, పేరో తెలియకుండా పోతుంది.

అదే ఆరు మాత్రల నడక పెట్టుకోండి. ‘గట్టు మీద’ అంటే మూడు, మూడు. ‘గోదావరి’ అంటే రెండు, రెండు, రెండు. రెండూ ఆరే, కానీ విరుపు వేరు. డ్రమ్స్ మూడు మూడుగా నడుస్తుంటే దాని మీద ‘గోదావరి’ని రెండు రెండుగా పాడి చూడండి, ప్రవాహం మీద పడవ అడ్డంగా తిరిగినట్టు ఒక లాగుడు పుడుతుంది. మన జానపదుల పాటల్లో ఇటువంటి నడకలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అయిదు మాత్రల ఖండగతి, ఏడు మాత్రల మిశ్రగతి కూడా గిటార్ మీద బాగా పలుకుతాయి. మీ పెద్దాయన పడవ పాటకు ఎన్ని మాత్రలో లెక్క కట్టారా? తెడ్డు వేసి లాగే పాట అయితే లాగే ఊపు ఎక్కడ, ఊపిరి తీసుకొనే ఖాళీ ఎక్కడ అని చూసుకొని కిక్ డ్రమ్‌ను ఆ లాగుడు మీద పెట్టండి.

ఇంకొక మాట. పాడేటప్పుడు మీ యాసను దాచుకోకండి. దయచేసి ఆల్బమ్ అట్ట మీద, వేదికల్లోని సాహిత్యంలో, పాటల పేర్లు తెలుగు లిపిలోనే వేయించండి.

ప్రశ్న అడిగిన వారి జవాబు (పాలకొల్లు)

అందరికీ చేతులెత్తి నమస్కారం. నలుగురం నిన్న గోదాములో కూర్చొని ఈ సమాధానాలన్నీ గట్టిగా చదువుకొన్నాం. ఇక్కడే చేయాలని నిర్ణయించాం. ఫిబ్రవరిలో పన్నెండు రోజులు, మిల్లు ఆగే వేళలు చూసుకొని. భీమవరం నుంచి ఒక కుర్రవాడు రికార్డింగు చూసుకోవడానికి ఒప్పుకొన్నాడు. 3,20,000లో 90,000 ఇక్కడి అద్దెలకు, భోజనాలకు. 1,60,000 మిక్సింగు, మాస్టరింగులకు. మిగిలింది అట్టలకు, అనుకోని ఖర్చులకు. అంబాజీపేట నుంచి పీచు తెప్పిస్తున్నాం, సంచులు కుట్టడానికి మా అమ్మ, పిన్ని సిద్ధంగా ఉన్నారు.

టీచరు గారూ, మీరు అడిగినట్టు లెక్క కట్టి చూశాను. పడవ పాట ఏడు మాత్రల్లో ఉంది, మేము ఇన్నాళ్లూ దాన్ని ఎనిమిదికి సాగదీసి వాయిస్తున్నాం. రాత్రి మా డ్రమ్మర్ ఏడులో వాయిస్తే పల్లవి తనంతట తాను ముందుకు నడిచింది. ఈ ఉదయం రేవుకు వెళ్లి పెద్దాయనను కలిశాను. పల్లవి వాళ్ల తాత దగ్గర విన్నదట, రెండో చరణం మాత్రం తానే కట్టానని చెప్పి, నేను తప్పుగా గుర్తుపెట్టుకొన్న ఒక మాటను సరిదిద్దారు. కాగితం మీద సంతకం పెడతానన్నారు. గొంతు ఇవ్వడానికి మాత్రం ఒక షరతు పెట్టారు. గోదాములో కాదు, పడవ మీదే పాడతారట. నీటి మీద మైకుకు గాలి తగలకుండా, ఇంజను లేని పడవలో రికార్డు చేయడానికి ఏం చేయాలో రాజమహేంద్రవరం వారు చెప్పగలరా?